గెడ్డ కనిపిస్తుంది, తోవ కనిపించదు: కొండల్లో ఆఫ్‌లైన్ టోపో మ్యాపుల సమీక్ష

శృంగవరపుకోట నుంచి పుణ్యగిరి ఎక్కేటప్పుడు శివాలయం వరకు నా ఫోనులో సిగ్నల్ అంతో ఇంతో ఉంటుంది. గుడి దాటి జలధార వెంట అడవిలోకి నడిస్తే కాసేపటికే అది పూర్తిగా పోతుంది. విజయనగరంలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా తూర్పు కనుమల అంచున నడిచే అలవాటున్న నాకు ఇది పాత బాధే గనుక, సిగ్నల్ లేకుండా పనిచేసే టోపోగ్రాఫిక్ (నేల ఎత్తుపల్లాలను చూపే) మ్యాపులను గత మూడు చలికాలాలుగా వాడి చూస్తున్నాను. ఈ సమీక్ష ప్రధానంగా ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్, అవెంజా మ్యాప్స్ అనే మూడు యాప్‌ల గురించి.

గూగుల్ మ్యాప్స్‌లోనే కావలసిన ప్రాంతాన్ని దింపుకోవచ్చు గదా అని చాలామంది అడుగుతుంటారు. దింపుకోవచ్చు. అయితే నెట్ లేనప్పుడు అది వాహనం వెళ్లే దారి చెబుతుంది గాని నడక దారి చెప్పదు. పైగా దాని దృష్టిలో అడవి అంటే ఒక ఆకుపచ్చ మచ్చ. ఆ పచ్చదనం కింద నేల ఎటు లేస్తోందో, ఎటు వాలుతోందో చెప్పే కాంటూరు రేఖలే నడిచేవాడికి కావాలి. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న బిందువులను కలుపుతూ గీసిన ఈ రేఖలు దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు, ఎడంగా ఉంటే మెత్తని వాలు అని హైస్కూల్లో చదువుకున్నదే, కాకపోతే అప్పట్లో అది రెండు మార్కుల ప్రశ్న.

సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుందన్న అపోహ నాతో నడిచే మిత్రుల్లోనే ఉండేది. ఫోను ఉపగ్రహాల సంకేతాలను వింటుందే తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు, కాబట్టి సెల్ టవర్‌తో దానికి పని లేదు. ఏ ఉపగ్రహం ఎక్కడుందన్న సమాచారం నెట్ ఉంటే క్షణాల్లో అందుతుంది. నెట్ లేకపోతే దాన్ని ఉపగ్రహం నుంచే నిదానంగా రాబట్టుకోవాలి గనుక, మొదటిసారి స్థానం దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అందుకే నేను కొండ దిగువన, ఆకాశం బాగా కనిపించే చోట, సిగ్నల్ ఉండగానే యాప్ తెరిచి, స్థానం చూపే గుర్తు నిలకడగా నిలిచిన తర్వాతే అడుగు వేస్తాను.

ఆర్గానిక్ మ్యాప్స్ గురించి చెప్పవలసింది తక్కువ. ఉచితం, ప్రకటనలు లేవు, కాంటూరు రేఖల పొరను ఒక్క మీటతో తెరవవచ్చు. వాలంటీర్లు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారమే దీనికి ఆధారం. మా చెల్లెలి చేతికి ఇస్తే, నేను వివరించే అవసరం లేకుండానే రామతీర్థం గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాల దగ్గరకు వెళ్లి వచ్చింది. మొదటిసారి ఇలాంటి మ్యాపు వాడేవారికి నేను దీన్నే సూచిస్తాను.

ఓస్మాండ్‌కు కూడా ఆధారం అదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అయినా అది వేరే తరహా పనిముట్టు. దాని మెనూలు పాత తాలూకా ఆఫీసు బీరువాలను గుర్తుకు తెస్తాయి: కావలసిన కాగితం తప్పకుండా ఉంటుంది, ఏ అరలో ఉందో మాత్రం అలవాటైనవారికే తెలుస్తుంది. మామూలు మ్యాపు ఒక ఫైలు, కాంటూరు రేఖలు మరొక ఫైలు, ఎత్తుపల్లాలు కంటికి తెలిసేలా వేసే కొండల నీడ ఇంకొక ఫైలు. ఆండ్రాయిడ్‌లో ఉచితంగా వాడేవారికి మ్యాపుల డౌన్‌లోడ్లు ఏడుకే పరిమితం, కాంటూరు రేఖలకు డబ్బు కట్టాలి. నేను కట్టాను, దానికి చింత లేదు. రేఖల మీద కొండనీడ వేసుకుని, నడిచిన దారిని జీపీఎక్స్ అనే దారి ఫైలుగా నమోదు చేసుకుంటూ, తిరిగి వచ్చేటప్పుడు అదే దారిని రంగు గీతగా చూసుకోగలగడం చీకటి పడే వేళ ఎంత ధైర్యమిస్తుందో, ఒకసారి ఆలస్యమైనవారికి తెలుస్తుంది.

ఈ ఫైళ్ల విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. మహేంద్రగిరికి మందస వైపు నుంచి బయలుదేరిన రోజున నా ఫోనులో ఆంధ్రప్రదేశ్ మ్యాపూ దాని కాంటూర్లూ పక్కాగా ఉన్నాయి. శివరాత్రికి మన వైపు భక్తులు కూడా వెళ్లే కొండ కావడంతో అది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉందన్న సంగతి తెలిసీ గుర్తుకు రాలేదు. సరిహద్దు గీత దాటగానే తెర మీద రేఖలన్నీ కత్తిరించినట్టు ఆగిపోయాయి. 1501 మీటర్ల శిఖరం ఉండవలసిన చోట ఖాళీ తెర మిగిలింది. రాష్ట్రానికొక ఫైలు పద్ధతి కనుక ఆ తప్పు పూర్తిగా నాదే. పాతపట్నం, మందస, సాలూరు వైపు కొండలకు వెళ్లేవారు ఒడిశా ఫైలును కూడా ఇంట్లోనే దింపుకోవాలి.

ఇక అసలు ఉపయోగం ఎక్కడుందంటే గెడ్డల, అంటే కొండవాగుల, దగ్గర. కాంటూరు రేఖలు ఆంగ్ల ‘వి’ అక్షరంలా వంగి, ఆ మొన ఎత్తు వైపు చూస్తుంటే అక్కడ గెడ్డ ఉన్నట్టు. మొన పల్లం వైపు చూస్తుంటే అది కొండ నుంచి దిగిన వెన్ను. మ్యాపులో నీలి గీత లేని చోట కూడా వరసగా పైకి చూస్తున్న మొనలను బట్టి, రెండు వాలుల మధ్య నీరు పారిన జాడ దొరుకుతుందని ముందే ఊహించి వెళ్లాను. దాదాపు ప్రతిసారీ ఇసుకో, గుండ్రటి రాళ్లో, ఎండిన గెడ్డ ఒకటి ఎదురైంది. దిగేటప్పుడు వెన్ను మీద ఉన్నంతసేపు నడక సుఖం; తెలియక గెడ్డలోకి దిగితే డొంకలూ ముళ్లకంపలూ పట్టుకుని వదలవు. ఈ ఒక్క తేడాను ముందుగా చూపించినందుకే నేను ఈ మ్యాపులకు అధిక మార్కులు వేస్తున్నాను.

ఆ రేఖలు ఎక్కడ నుంచి వచ్చాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. ఇలాంటి మ్యాపుల్లో చాలావాటికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో చేసిన భూమి ఎత్తుల కొలత. అందులో ఒక్కొక్క గడి, అంటే ఒకే ఎత్తు అంకె ఇచ్చిన నేల చదరం, సుమారు 30 మీటర్లు. పైగా దట్టమైన అడవిలో ఆ రాడార్ నేల దాకా పూర్తిగా దిగక చెట్ల తలల దగ్గరే తిరిగి వచ్చేస్తుంది. అంటే మన కొండల మీద కొన్నిచోట్ల ఆ గీత చూపించేది చెట్ల నెత్తిని. పెద్ద వాలులకు ఇది అడ్డం కాదు గాని చిన్న మెరకలూ పల్లాలూ ఇందులో కలిసిపోతాయి.

అందుకే మూడో యాప్, అవెంజా. దేశం మ్యాపులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా తన 1:50,000 టోపోషీట్లను, అంటే కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరయ్యే మ్యాపులను, నమోదు చేసుకున్నవారికి ఉచితంగా ఇస్తోంది. షీట్లకు ఇచ్చిన పాత నంబర్ల లెక్కలో 65ఎన్/4 అనే షీటులో శృంగవరపుకోట వస్తుంది. ఒక్కొక్క షీటు మన ప్రాంతంలో సుమారు 27 కిలోమీటర్ల పొడవు, 26 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నేలను చూపిస్తుంది. అక్షాంశ రేఖాంశాలు జతపరచిన పీడీఎఫ్‌ను అవెంజాకు ఇస్తే దాని మీద మన స్థానం చుక్కగా కదులుతుంది. జతపరచకపోతే కంప్యూటర్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తో నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలూ మనమే జతచేసుకోవాలి, అది ఒక సాయంత్రం పని. ఉచిత వాడుకలో సొంత మ్యాపులు మూడు మాత్రమే పడతాయి, నా అవసరానికి అవి చాలు.

టోపోషీటులో నాకు నచ్చేది దాని వివరం. అడవి హద్దు, బావి, సర్వే వారు కొలతకు వాడిన శిఖరం మీద త్రిభుజం గుర్తు, ఇతర యాప్‌లలో కనిపించని చిన్న పల్లెల పేర్లు అన్నీ ఉంటాయి. అంచున సర్వే చేసిన సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. దాన్ని చదవకుండా కాలిబాటలను నమ్మకూడదు. నెట్‌లో దొరికే మరీ పాత షీట్ల స్కాన్లతో ఇంకో చిక్కుంది. అవి అక్షాంశ రేఖాంశాలకు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే భూమి ఆకార కొలతకు కాక, ఎవరెస్ట్ అనే పాత కొలతకు గీసినవి, కాబట్టి సవరించకుండా వాడితే మన స్థానం వంద మీటర్లకు పైగా పక్కకు జరిగి కనిపిస్తుంది. గెడ్డకు ఇవతల ఉన్న మనిషిని అవతల చూపించడానికి అంత తేడా చాలు.

కాంటూర్ల పరిమితి ఏమిటో నాకు ఒక బండ నేర్పింది. షీటులో రెండు రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. పుణ్యగిరి పైవైపు కొండ నుంచి దిగుతూ, రేఖలు ఎడంగా ఉన్నాయని ధీమాగా ఒక వాలు పట్టుకున్నాను. ఆ వాలు చివర పన్నెండు పదమూడు మీటర్ల నిలువు బండ ఎదురైంది, దాని కింద మర్రి ఊడలు, ఎక్కడా కాలు పెట్టే చోటు లేదు. రెండు రేఖల మధ్య ఇరవై మీటర్ల లోపు ఏమున్నా మ్యాపు చూపించనవసరం లేదు, చూపించలేదు కూడా. తెరను పెద్దది చేస్తూ చిన్నది చేస్తూ నిలబడ్డ నన్ను కట్టెల మోపుతో వస్తున్న ఒక పెద్దాయన చూసి, “ఆ బండ దిగలేరు బాబూ, ఎనక్కొచ్చి ఈ తోవ పట్టండి” అన్నారు. “ఈ మ్యాపులో లేదు తాతా” అంటే ఫోను వంక ఒకసారి చూసి నవ్వి ముందు నడిచారు. ఆ తోవ నా మూడు యాప్‌లలో దేనిలోనూ లేదు.

ఆఫ్‌లైన్ అని చెప్పుకునే మరో యాప్ కూడా కొన్నాళ్లు వాడాను, పేరు చెప్పను. సిగ్నల్ లేని చోట తెరవగానే అది మళ్లీ లాగిన్ అవమని అడిగి, అయ్యేదాకా మ్యాపు చూపించనని మొండికేసింది. ఏ యాప్ అయినా ఇంట్లోనే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిదని ఆ రోజే తెలుసుకున్నాను. కొండ మీద కూడా నేను ఆ మోడ్‌లోనే ఉంచుతాను. దొరకని టవర్ కోసం వెతకడం ఆగి ఛార్జింగ్ మిగులుతుంది, నా ఫోనులో జీపీఎస్ యథాతథంగా పనిచేస్తుంది. తెర చూపించే ఎత్తు అంకెను మాత్రం తొందరపడి నమ్మను. సముద్రమట్టానికి సవరించకుండా ఇస్తే, మన తీరంలో ఒడ్డున నిలబడినా అది సున్నాకు దిగువన పదుల మీటర్లు చూపిస్తుంది.

రిజర్వు అడవిలోకి వెళ్లేముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవడం ఎలాగూ తప్పదు.

ఆ రోజు పెద్దాయన వెనుక నడిచిన దారి ఓస్మాండ్‌లో నమోదైంది. ఇంటికొచ్చి దాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కాలిబాటగా గీసి, దారిలో దాటిన గెడ్డకు ఆయన చెప్పిన పేరును తెలుగు లిపిలో చేర్చాను. తర్వాత మ్యాపును అప్‌డేట్ చేసినప్పుడు ఆ వాలు మీద ఒక సన్నని చుక్కల గీత వచ్చి ఉంది. అది బండకు చాలా ఎడంగా, వెన్ను మీదుగానే దిగుతోంది.