ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉంటే ఏది మేలు: ఆర్వోనా, యూవీనా, కాచిన నీళ్లా?

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని డాక్టర్ చెప్పగానే చాలా ఇళ్లలో ముందు చేసే పని కొత్త ఆర్వో మిషన్ కొనడం. ఆర్వో నీళ్లు కిడ్నీలకు మంచివని చుట్టాలు చెబుతారు, షాపాయనా అదే అంటాడు. అందులో నిజం సగమే. కొన్ని ఊళ్లలో ఆర్వో లేకపోతే గడవదు. కొన్ని ఇళ్లలో మాత్రం ఆ డబ్బులు మందులకు ఉంచుకోవడమే నయం. మీ ఇంటికి వచ్చే నీళ్లు ఎక్కడివి, ఇంట్లో ఉన్న జబ్బు ఏమిటి అన్నవి ముందు తేల్చుకోవాలి. మిషన్ సంగతి ఆ తర్వాత.

బోరు నీళ్లతోనే మొదలుపెడదాం. ఫ్లోరైడ్ గోస నల్గొండ వాళ్లకూ, కనిగిరి, దర్శి, పొదిలి వైపు వాళ్లకూ కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో ఫ్లోరైడ్ వల్ల పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. తాగునీటికి మన ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ని బయటికి పంపే పని ఎక్కువగా కిడ్నీలదే. అవి నీరసిస్తే ఆ ఫ్లోరైడ్ ఒంట్లోనే ఎక్కువ నిలిచిపోతుంది. కాబట్టి మామూలు మనిషి తట్టుకున్న నీళ్లు కిడ్నీ పేషెంట్‌కి పడకపోవచ్చు.

ఇక్కడ కాచడం వల్ల లాభం లేదు. నీళ్లు ఆవిరవుతాయి కానీ ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు గిన్నెలోనే ఉంటాయి, కాస్త చిక్కబడతాయి కూడా. యూవీ దీపం క్రిములను చంపుతుంది, ఉప్పుల జోలికి పోదు. వాటిని తీసేది ఆర్వోలోని సన్నని పొర (మెంబ్రేన్). అలాంటి బోరు నీళ్లు తప్ప గతి లేని ఇంట్లో ఆర్వో కొనాల్సిందే, ఇందులో వాదన అక్కర్లేదు. కుళాయిలో మిషన్ భగీరథ నీళ్లు రోజూ సక్రమంగా వస్తుంటే మాత్రం వాటిని ఒకసారి పరీక్ష చేయించి, తాగడానికీ వంటకూ అవే వాడుకోండి.

ఉద్దానం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస వైపు అంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. భూగర్భ జలాల మీద అనుమానంతోనే హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లను అక్కడికి పైపుల్లో తెచ్చారు. శాస్త్రవేత్తలకే చిక్కని కారణాన్ని వంటింటి మిషన్ తీసేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి నీళ్లు తాగాలి, నిజమే. దాన్ని కిడ్నీ వైద్యం అనుకోకూడదు.

ఇక సిటీ నీళ్లు. హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి నీళ్లు, విజయవాడలో కృష్ణా నీళ్లు సరఫరా అవుతాయి. నది నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) మామూలుగా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. టీడీఎస్ 500 దాటని చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిందంటే ఊరికే కాదు. ఇంటి ఆర్వో ఒక బిందె మంచినీళ్లు ఇచ్చేసరికి సుమారు మూడు బిందెలు పారబోస్తుంది, పనికొచ్చే కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. అయితే అపార్ట్‌మెంట్ల సంపులో మున్సిపల్ నీళ్లతో పాటు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలుస్తాయి. అందుకని మీ వంటింటి కుళాయి దగ్గరే, వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి టీడీఎస్ చూసుకోండి. మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది చెప్పేది కరిగిన లవణాలు మొత్తం ఎంత అన్నదే. ఫ్లోరైడ్ ఎంతుందో, క్రిములున్నాయో లేదో దానికి తెలియదు. వాటికి ల్యాబ్ పరీక్ష కావాలి, గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాల్లో ల్యాబులున్నాయి.

మిషన్ అమ్మడానికి వచ్చే కుర్రాళ్లు చూపించే ఒక డెమో ఉంది. రెండు గ్లాసులు పెడతారు, ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న ఒక పరికరాన్ని రెండింట్లో ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో కుళాయి నీళ్లు తుప్పు రంగుకి తిరిగి, పైన మురికి నురగ తేలుతుంది. ఆర్వో గ్లాసు తేటగానే ఉంటుంది. "చూడండి ఆంటీ, మీ పేషెంట్‌కి ఇవి తాగిస్తున్నారు" అంటాడు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లకి ఆ మాటతో ఎంత టెన్షన్ వస్తుందో! నిజానికి ఆ రంగు వచ్చింది కడ్డీలోని ఇనుము కరగడం వల్ల. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, లేని నీళ్లలో పెద్దగా పారదు, అంతే. ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి, అవీ అదే రంగుకి తిరుగుతాయి.

నది నీళ్లు వచ్చే ఇంట్లో భయపడాల్సింది క్రిముల గురించి. పైపు లీకులు, కడగని సంపు, వానాకాలం. అక్కడ యూవీతో పాటు యూఎఫ్ (క్రిములను వడకట్టే పొర) ఉన్న ఫిల్టర్ చాలు. ఆర్వోతో పోలిస్తే ధర తక్కువ, నీళ్లు వృథా కావు. యూవీ దీపం మాత్రం ఏడాదికోసారి మార్చాలి. వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం, బలం తగ్గిపోయిన సంగతి కంటికి కనపడదు.

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కీమో తీసుకునేవాళ్లు ఉన్న ఇంట్లో నా ఓటు కాచిన నీళ్లకే. మార్పిడి తర్వాత వాడే మందులు రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గిస్తాయి. మామూలు వాళ్లకి ఒకటి రెండు వారాల విరేచనాలతో పోయే క్రిప్టోస్పోరీడియం లాంటి క్రిమి వీళ్లను మంచాన పడేస్తుంది. క్లోరిన్‌కి అది తేలిగ్గా చావదు, కాస్తే చస్తుంది. నీళ్లు బాగా తెర్లాక ఇంకో నిమిషం ఉంచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. ఇంట్లో ఆర్వో ఉన్నా సరే వీళ్లకి ఆ నీళ్లు కాచే ఇవ్వండి. మిషన్ లోపలి కార్బన్ క్లోరిన్‌ని తీసేస్తుంది, ఆ తర్వాత ట్యాంకులో నిలిచిన నీళ్లలో క్రిములు పెరగకుండా అడ్డుకునేది ఏదీ ఉండదు. గ్యాసు ఖర్చు ఉంటుంది, కానీ ఆ ఒక్క మనిషి తాగే నీళ్లకే కదా.

వీధి చివర వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్‌ని మాత్రం అలాంటి మనిషికి నేరుగా ఇవ్వకండి. లోపల ఆర్వో ఎంత బాగున్నా, ఆ క్యాన్‌ని ఎవరు, దేనితో కడిగారో మనకి తెలియదు.

జబ్బుని బట్టి చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. విల్సన్ వ్యాధిలో ఒంట్లో రాగి పేరుకుపోతుంది, వాళ్లకి కాపర్ కలిపే మోడల్ పూర్తిగా వద్దు. గట్టి నీళ్లకి సాఫ్ట్‌నర్ పెట్టించిన ఇంట్లో దాని లైను వంటింటికి రాకుండా చూడండి, అది నీళ్లలో సోడియం పెంచుతుంది. కొందరు సాఫ్ట్‌నర్‌లో ఉప్పుకి బదులు పొటాషియం క్లోరైడ్ వేయమంటారు. పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పిన కిడ్నీ పేషెంట్‌కి అది ప్రమాదం. ఇంట్లో హీమోడయాలసిస్ మొదలుపెట్టేవాళ్లు వంటింటి ఆర్వోతో పని కానివ్వొచ్చని అనుకోకూడదు. ఆ నీళ్ల శుద్ధి, ప్రమాణాలు వేరు, డయాలసిస్ టీమే దాన్ని ఏర్పాటు చేయాలి.

కొనేముందు మిషన్ ధరతో పాటు ఏడాదికి ఫిల్టర్లకి ఎంత, మెంబ్రేన్ ఎంత, పిలిస్తే మీ ఊరికి ఎన్ని రోజుల్లో వస్తారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. సర్వీసుకి వచ్చినవాళ్ల చేత పాత ఫిల్టర్‌ని మీ ముందే విప్పించి చూడండి.