తలుపు పగలగొట్టే దయా, కూర్చుని అడిగే అభిజీత్: ఏది మేలు?

మహారాష్ట్రలోని బల్లార్షా, సిరోంచ వైపు మన ఇళ్లలో మాట తెలుగు, బడి మరాఠీ, టీవీ హిందీ. అందుకే హిందీ డిటెక్టివ్ సీరియల్ ‘సీఐడీ’ని మనం డబ్బింగ్ అవసరం లేకుండానే చూశాం. 1998 జనవరిలో సోనీలో మొదలై 2018 అక్టోబరు దాకా 1,547 ఎపిసోడ్లు నడిచింది. 2024 డిసెంబరులో మళ్లీ వచ్చింది. దాంతోపాటే అందులోని ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల మీద పాత పంచాయితీ కూడా లేచింది: దయా గొప్పా, అభిజీత్ గొప్పా?

పిల్లలంతా దయా వైపే. వాళ్ల పై అధికారి ఏసీపీ ప్రద్యుమన్ ‘దయా, దర్వాజా తోడ్ దో’ (తలుపు పగలగొట్టు) అనగానే సోఫాలోంచి లేచి నిలబడతారు. ఆ పాత్ర వేసిన దయానంద్ శెట్టి ఒకప్పుడు డిస్కస్ త్రో ఆటగాడు. ఆ భుజం తగిలితే తలుపు ఊడొస్తుందంటే నమ్మబుద్ధవుతుంది. చట్టం కూడా ఈ సీనును పూర్తిగా కాదనదు. అరెస్టు చేయాల్సిన మనిషి లోపలున్నాడని నమ్మితే, పోలీసులు తామెవరో చెప్పి, తలుపు తీయమని అడగాలి. అప్పటికీ తీయకపోతే పగలగొట్టవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 47వ సెక్షన్‌లో ఉన్న ఈ అధికారం ఇప్పటి కొత్త చట్టంలో 44వ సెక్షన్‌కు వచ్చింది.

దయాతో నా పేచీ తలుపు దగ్గర కాదు, చెంపదెబ్బ దగ్గర. ఒక్కటి పీకగానే నిందితుడు కథంతా చెప్పేస్తాడు, కేసు అయిపోతుంది. కానీ పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఇదే చెప్పింది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది. దెబ్బలకు తాళలేక మనిషి చేయనిది కూడా చేశానంటాడు కాబట్టే ఆ నియమం. బొగ్గు గనులకు, పేపరు మిల్లుకు పని కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇళ్లు మనవి. ఏదైనా పోతే కొత్తగా వచ్చినవాడి మీదే ముందు అనుమానం పడుతుందని మనకు తెలియనిది కాదు. అలాంటి చోట పిల్లలు ఆ దెబ్బకు చప్పట్లు కొడుతుంటే నాకు బాధగానే ఉంటుంది.

అభిజీత్ దారి వేరు. ఆ పాత్రలో ఆదిత్య శ్రీవాస్తవ గొంతు పెంచకుండానే టెన్షన్ పుట్టిస్తాడు. ఎదుటివాణ్ని ముందు పూర్తిగా చెప్పనిస్తాడు. తర్వాత వాడి మాటల్లోంచే టైము తేడానో, పొంతన లేని ఒక చిన్న సంగతినో తీసి వాడి ముందు పెడతాడు. పైగా గతం మరిచిపోయి, తానెవరో తనకే తెలియక తిరిగిన మనిషి కథ అతనిది. ఆ ఓపిక అక్కడిదేననిపిస్తుంది నాకు. కోర్టు లెక్కలోనూ ఈ పద్ధతికే బరువు ఎక్కువ: నిందితుడు చెప్పిన చోట కత్తి దొరికితే, దొరకడానికి దారి చూపిన ఆ మాట వరకు సాక్ష్యంగా నిలుస్తుంది.

సీరియల్‌లో ఫోరెన్సిక్ నిపుణుడు డాక్టర్ సాళుంఖే ల్యాబ్‌ను ఈ పోటీలోకి తేను. డీఎన్ఏ రిపోర్టు అక్కడ క్షణాల్లో వస్తుంది, నిజంగా అయితే రోజులు పడుతుంది. అయినా ఏసీపీతో ఆయన గొడవలు ఎన్నిసార్లయినా చూస్తాను. అమ్మకైతే నవ్వించే ఇన్‌స్పెక్టర్ ఫ్రెడ్రిక్స్ తర్వాతే ఎవరైనా. ఆ పాత్ర వేసిన దినేశ్ ఫడ్నిస్ 2023 డిసెంబరులో పోయారు. ఆయన లేని కొత్త సీజన్ ఆమెకు సగమే.

2004లో ఒక ఎపిసోడ్‌ను 111 నిమిషాల పాటు ఒకే షాట్‌లో తీశారు. అంటే ముఖం మీదికి మూడుసార్లు జూమ్ చేసే అలవాటు లేకుండా, మాటతో, నటనతోనే అంతసేపు నిలబెట్టారన్నమాట. ఆ బలం అభిజీత్ సీన్లలో వారం వారం కనిపిస్తుంది. అందుకే నా ఓటు అతనికే.

ఇంట్లో రిమోట్ మీ చేతిలో ఉంటే, అభిజీత్ కుర్చీ లాక్కుని నిందితుడి ఎదురుగా కూర్చునే ఎపిసోడ్ పెట్టండి. పిల్లలు తలుపు సీనే కావాలంటే అదీ పెట్టండి. చెంపదెబ్బ వచ్చిన దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆపి, ఆ ఒప్పుకోలు కోర్టులో ఎందుకు నిలవదో వాళ్లకు చెప్పండి.