మేడ మీదికి వైఫై: టీపీ-లింక్ ఈఏపీ225 యాక్సెస్ పాయింట్

గుంటూరు బ్రాడీపేటలో తొమ్మిదంగుళాల గోడలతో కట్టిన పాత మేడ ఇళ్లలో వైఫై ఇబ్బంది చాలావరకు కట్టడం వల్ల వచ్చేదే తప్ప ఇంటర్నెట్ ప్లాను వల్ల వచ్చేది కాదు. కింది హాల్లోని ఫైబర్ రూటర్ నుంచి వెలువడే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్, రెండు ఇటుక గోడలనూ ఇనుప చువ్వల శ్లాబునూ దాటి పైగదికి చేరేసరికి దాదాపు ఏమీ మిగలదు. 2.4 గిగాహెర్ట్జ్ చేరుతుంది గాని, చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ ఆ బ్యాండులోనే ఉంటాయి, అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. మా ఇంటి పరిస్థితీ ఇదే కావడంతో పై అంతస్తు కోసం ఈఏపీ225 అనే యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్‌లో వచ్చే ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే పరికరం, కొన్నాము.

చవకగా దొరికే ఎక్స్‌టెండర్ ఎందుకు వద్దనుకున్నామో ముందు చెప్పాలి. అది ఒకే రేడియోతో కింది నుంచి అందుకొని, మళ్లీ అదే రేడియోతో పైకి పంపుతుంది కనుక, ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించినా వేగం సుమారు సగానికి పడిపోతుంది. యాక్సెస్ పాయింటుకు డేటా లాన్ కేబుల్ ద్వారా వస్తుంది కాబట్టి ఆ నష్టం ఉండదు.

అందువల్ల అసలు పని కేబుల్‌దే. మొదట ఒక దుకాణంలో క్యాట్ 6 (లాన్ కేబుల్‌లో ఒక రకం) అని చెప్పి ఇచ్చిన తీగ కొనను బ్లేడుతో గీరి చూస్తే, పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం కనిపించాయి. ఈ పరికరానికి కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్లాలి కనుక, నిరోధం ఎక్కువగా ఉండే అటువంటి తీగ పనికిరాదు. దాన్ని తిరిగి ఇచ్చివేసి, పూర్తి రాగి కేబుల్ వేయించాము. గోడ పగలగొట్టనక్కర లేకుండా మెట్ల గది మూల వెంట కేసింగ్ పట్టీలో ఎలక్ట్రీషియన్ దాన్ని పైకి లాగాడు. లాన్ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది గనుక, ఎంత పెద్ద ఇంటికైనా దూరం సమస్య కాదు.

పరికరంతో పాటు వచ్చిన 24 వోల్టుల పవర్ అడాప్టరును కింద రూటర్ పక్కనే పెట్టి, రెండింటినీ ఇన్‌వర్టర్ లైనుకు కలిపాము. వేసవిలో కరెంటు పోయినప్పుడు పైగదిలో వైఫై ఆగకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఇందులో గిగాబిట్ పోర్టు ఉంది. 5 గిగాహెర్ట్జ్‌పై 867 ఎంబీపీఎస్ అని పెట్టె మీద రాసినది కాగితం లెక్క మాత్రమే అయినా, మాది 200 ఎంబీపీఎస్ ప్లాను కాబట్టి మేడ మీద అది పూర్తిగా అందుతోంది.

అమరిక కష్టమేమీ కాదు. ఐపీ అడ్రసులను కింది రూటరే ఇస్తుంది కాబట్టి, పైనున్న ల్యాప్‌టాప్ నుంచి కింది ప్రింటరుకు నేరుగా ప్రింటు ఇవ్వవచ్చు. పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ పద్ధతి రెండు చోట్లా ఒకటే ఉంచి, 2.4లో కింద 1, పైన 11 ఛానల్ పెట్టాము. అయినా మెట్లెక్కి పైకి వెళ్లిన ఫోను కొంతసేపు కింది సిగ్నల్‌నే పట్టుకొని వేలాడుతుంది, ఎందుకంటే ఎప్పుడు మారాలన్న నిర్ణయం ఫోనుదే. ఈఏపీ225లో ప్రసార శక్తిని తగ్గించి, పై సిగ్నల్ కిందిదాకా బలంగా రాకుండా చూసే వీలుంది కాబట్టి, కిందికి దిగేటప్పుడు ఈ చిక్కు తక్కువ. త్వరగా మారడానికి తోడ్పడే రోమింగ్ సదుపాయానికి టీపీ-లింక్ వారి ఒమాడా కంట్రోలర్ (యాక్సెస్ పాయింట్లన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే వ్యవస్థ) కావాలి. కింద వేరే కంపెనీ రూటర్ ఉన్న ఇంట్లో దాని కోసం ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ.

ఇది వైఫై 5 తరం పరికరం. కొత్తగా కొనేవారు ధరలో తేడా కొద్దిగానే ఉంటే వైఫై 6 మోడలు చూసుకోవడం మేలు. ఇంట్లో గిగాబిట్ పోర్టులున్న పాత రూటర్ ఖాళీగా పడి ఉంటే కొనడానికి ముందు దానినే ప్రయత్నించవచ్చు: అందులో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే సదుపాయం) ఆపివేసి, రెండు రూటర్లకూ చెరొక వేర్వేరు ఐపీ ఉండేలా చూసి, కేబుల్‌ను ఇంటర్నెట్ లైను కోసం ఉండే వాన్ పోర్టుకు గాక లాన్ పోర్టుకు పెడితే అదీ యాక్సెస్ పాయింటుగానే పనిచేస్తుంది. పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయితే మాత్రం వేగం అక్కడే ఆగిపోతుంది.