ఒకే చూరు కింద అనేక డేటాబేస్‌లు: ఒరాకిల్ మల్టీటెనెంట్ సమీక్ష

ఒరాకిల్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 2013లో 12సి వెర్షన్‌తో వచ్చిన మల్టీటెనెంట్ ఏర్పాటులో, కంటైనర్ డేటాబేస్ అనే ఒక ఉమ్మడి గూడు లోపల, విడిగా తీసి అమర్చుకోగల ప్లగబుల్ డేటాబేస్‌లు అనేకం ఒకే మెమరీని, ఒకే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లను పంచుకుంటూనే, అప్లికేషన్లకు మాత్రం దేనికది వేరుగా కనిపిస్తాయి. నాకు బాగా నచ్చినది వనరుల పంపకం. ఈ పంపకాన్ని చూసే రిసోర్స్ మేనేజర్‌లో మూడు డేటాబేస్‌లకు 3, 1, 1 చొప్పున వాటాలు ఇస్తే, సీపీయూ కోసం పోటీ ఏర్పడినప్పుడు మొదటిదానికి 60 శాతం దక్కుతుంది. అది ఖాళీగా ఉన్న వేళ, గరిష్ఠ పరిమితి విధించి ఉంటే తప్ప, మిగిలినవి ఆ భాగాన్ని వాడుకోవచ్చు. జీతాల లెక్కలు నడిచే నెలాఖరులో ఈ వెసులుబాటు విలువ తెలిసివస్తుంది.

అనుమతుల విషయానికి వస్తే, స్థానిక యూజర్ పరిధి తన డేటాబేస్ వరకే. అన్ని డేటాబేస్‌లకూ చెందిన ఉమ్మడి యూజర్ పేరు మామూలుగా సి అక్షరంతో, రెండు హ్యాష్ గుర్తులతో మొదలవ్వాలన్న నియమం చూడటానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ఎవరు ఎవరో ఇట్టే పోల్చుకోవచ్చు. అలాంటి ఖాతాకు అన్ని డేటాబేస్‌లలోనూ అధికారాలు కట్టబెడితే మాత్రం ఈ గోడలకు అర్థం ఉండదు.

19సి వెర్షన్‌లో మూడు ప్లగబుల్ డేటాబేస్‌ల వరకు అదనపు లైసెన్సు అక్కరలేదు. కానీ రిసోర్స్ మేనేజర్ ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే లభిస్తుంది కనుక, చిన్న సంస్థలకు ఇందులోని అసలైన సుఖం అందదు.