కారు కంప్యూటర్‌కి లైట్ లినక్స్ ఇంటర్‌ఫేస్: ఓపెన్‌బాక్సా, బ్రౌజరా, క్యూటీనా, ఏది మేలు?

కారులో రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, ఓ ఏడంగుళాల టచ్ స్క్రీన్ పెట్టి లినక్స్ ఎక్కిద్దాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ డిస్ట్రో, అంటే లినక్స్‌లో ఏ రకం, బాగుంటుంది అని. డిస్ట్రో ఏదైనా పర్లేదండీ, మామూలు డెబియన్ చాలు, అసలు తేల్చుకోవాల్సింది స్క్రీన్ మీద బొమ్మ ఎవరు గీస్తారు అన్నది. బూట్ టైమ్, మెమరీ, వేలికి అందే బటన్లు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి పూర్తి డెస్క్‌టాప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, టాస్క్‌బారు, విండో మూలన చిన్న ఇంటూ గుర్తు ఇవన్నీ మౌస్ కోసం చేసినవి, కదిలే కారులో వేలితో నొక్కడానికి కాదు. వదిలేయండి.

ఓపెన్‌బాక్స్ సంగతి వేరు. ఇది డెస్క్‌టాప్ హంగులేవీ లేకుండా విండోలని మాత్రమే చూసుకునే ప్రోగ్రామ్, చాలా తేలిక, కాన్ఫిగ్ ఫైల్లో నాలుగు లైన్లు రాస్తే ప్రతి విండో బోర్డర్ లేకుండా స్క్రీన్ నిండా తెరుచుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద లాభం ఏంటంటే ఆఫ్‌లైన్ మ్యాప్‌కి నావిట్ లాంటి రెడీమేడ్ ప్రోగ్రామ్‌ని ఉన్నదున్నట్టు పెట్టేసుకోవచ్చు, మీరు ఒక్క మెనూ స్క్రీన్ రాసుకుంటే సరిపోతుంది. కానీ ఒక్కో యాప్ మొహం ఒక్కోలా ఉంటుంది, ఒకదాంట్లో బ్యాక్ బటన్ పైన, ఇంకోదాంట్లో కింద, మూడోదాంట్లో అసలు ఉండదు. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం స్క్రీన్ వైపు ఒక్కసారి చూసే చూపు 2 సెకన్లు దాటకూడదు, ఒక పని మొత్తానికి 12 సెకన్లు దాటకూడదు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో 2 సెకన్లంటే 55 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే, అంత దూరం బటన్ ఎక్కడుందా అని వెతుక్కోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

వెబ్ వచ్చినవాళ్లు క్రోమియం బ్రౌజర్‌ని కియోస్క్ మోడ్‌లో, అంటే అడ్రస్ బార్ లేకుండా ఒకే పేజీ స్క్రీన్ నిండా కనిపించేలా పెడదాం అంటారు. హెచ్‌టీఎంఎల్‌లో స్పీడ్ డయల్ గీయడం నిజంగా తేలికే, బాగానే కనిపిస్తుంది కూడా. అయితే బ్రౌజర్ దానికదే జీపీఎస్ రిసీవర్‌తోనో కారు ఇంజిన్ వివరాలు చదివే ఓబీడీ అడాప్టర్‌తోనో హాయిగా మాట్లాడలేదు, వెనకాల లోకల్ సర్వర్ ఒకటి నడిపి వెబ్‌సాకెట్ అనే ఎప్పుడూ తెరిచుండే కనెక్షన్‌లో డేటా పంపాలి, పైగా మెమరీ బాగా తింటుంది, 1 జీబీ బోర్డులో మ్యాప్ కూడా తెరిస్తే ఇబ్బందే. 4 జీబీ ఉండి జావాస్క్రిప్ట్ తప్ప ఇంకేం రాకపోతే సరే.

యాప్‌లు తయారుచేసే క్యూటీ టూల్‌కిట్‌లో, స్క్రీన్ రూపం రాసే క్యూఎంఎల్ భాషలో రాసి, విండో సిస్టమ్ లేకుండా నడిపించే ఈజీఎల్ఎఫ్ఎస్ మీద నడపడం నాకు బాగా నచ్చిన దారి. మామూలుగా విండోలని స్క్రీన్ మీదకి తెచ్చే ఎక్స్ ఇందులో ఉండదు, వేలాండ్ ఉండదు, మీ ప్రోగ్రామే నేరుగా గ్రాఫిక్స్ చిప్‌తో గీస్తుంది, కాబట్టి కెర్నల్ లేచాక మధ్యలో ఎదురుచూడాల్సినవి తగ్గిపోతాయి, స్క్రోలింగ్ కూడా మెత్తగా ఉంటుంది. చిక్కేంటంటే స్క్రీన్ మొత్తం ఆ ఒక్క ప్రాసెస్‌దే, దాని మీద ఇంకో యాప్ విండో తెరవలేరు, అంటే నావిట్ కుదరదు, మ్యాప్ కూడా మీ ప్రోగ్రామ్‌లోనే గీసుకోవాలి, అది చిన్న పని కాదు. క్యూటీ, నావిట్ రెండూ కావాలంటే వేలాండ్ మీద విండోలు చూపే వెస్టన్ అనే ప్రోగ్రామ్‌లో 2020 నుంచి ఉన్న, ప్రతి యాప్‌నీ స్క్రీన్ నిండా తెరిచే కియోస్క్ షెల్ వాడొచ్చు, కొంచెం బరువు పెరుగుతుంది కానీ వేరే యాప్‌లకి చోటుంటుంది. 2018 టయోటా క్యామ్రీతో రోడ్డెక్కిన, కార్ల కోసం లినక్స్ తయారుచేసే ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ ప్రాజెక్టు కూడా ఇప్పుడు వెస్టన్ లైబ్రరీ మీద కట్టిన, విండోలని కలిపి స్క్రీన్ మీద చూపే కంపోజిటర్‌నే వాడుతోంది.

ఏది ఎంచుకున్నా పాటలకి ఎంపీడీ, లొకేషన్‌కి జీపీఎస్‌డీ, బ్లూటూత్‌కి బ్లూజెడ్ విడిగా సర్వీసులుగా ఉంచండి, ఇంటర్‌ఫేస్ క్రాష్ అయినా పాట ఆగదు, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ ఆ ఇంటర్‌ఫేస్‌ని మళ్లీ లేపుతుంది. తాళం తీయగానే కరెంటు పోతుంది కాబట్టి రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ పెట్టి పైన ఓవర్‌లే, అంటే కొత్తగా రాసేవి కార్డులోకి కాకుండా మెమరీలోకి పోయే పొర, వేయండి, లేకపోతే ఎస్‌డీ కార్డు ఎప్పుడో ఒకరోజు పాడవుతుంది.

రివర్స్ కెమెరాని మాత్రం లినక్స్ గుండా తేవద్దు. రివర్స్ గేర్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలని అమెరికాలో కొత్త కార్లకి రూలే ఉంది, కారు స్టార్ట్ చేసిన వెంటనే వెనక్కి తీస్తే ఆపాటికి మన బోర్డు బూట్ మధ్యలో ఉంటుంది. కెమెరా ఇన్‌పుట్ విడిగా ఉన్న స్క్రీన్ కొని దానికే వైరు ఇచ్చేయండి.

మొదలుపెట్టేవాళ్లకి నా సలహా క్యూటీ, వెస్టన్ జంట. లాప్‌టాప్‌లో రాసి చూసుకున్న అదే కోడ్ కారులో వెస్టన్ మీద నడుస్తుంది, తర్వాత నావిట్ అక్కర్లేదనిపిస్తే ప్లాట్‌ఫామ్ చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒక్కటి మార్చి ఈజీఎల్ఎఫ్ఎస్‌కి వెళ్లిపోవచ్చు.