రోబో మాప్ కొంటున్నారా? ముందు మీ గడపలు కొలవండి

రోబో వాక్యూమ్ గురించి అడిగేవాళ్లందరూ మొదట అడిగేది పాస్కల్స్ ఎన్ని అనే, అంటే దుమ్ము లాగే బలం ఎంత అని. ఆరు వేలదా, పది వేలదా, మొన్నెవరో ఇరవై వేలదీ వచ్చిందట కదా అన్నారు. ఆ అంకె కార్పెట్ ఉన్న ఇళ్లకి పనికొస్తుంది. మన ఇళ్లలో నేలంటే విట్రిఫైడ్ టైల్స్, లేదంటే మార్బుల్, పాత ఇళ్లలో షాబాద్ బండలు, మొజాయిక్. వీటి మీద దుమ్ము పైపైనే ఉంటుంది కాబట్టి మూడు నాలుగు వేల పాస్కల్స్ ఉంటే ధారాళంగా సరిపోతుంది. మా దాని పెట్టె మీద పది వేలు అని గొప్పగా రాసుంది కానీ మేం నడిపేది ఎప్పుడూ తక్కువ శబ్దం మోడ్‌లోనే, హాలు మాత్రం చక్కగా శుభ్రమవుతోంది. డాలస్‌లో ఉండే తమ్ముడు ఇచ్చే సలహా డాలస్‌కే కరెక్టు, వాళ్లకి గోడ నుంచి గోడకి కార్పెట్టే.

కాబట్టి స్పెసిఫికేషన్ల పేజీ మూసేసి టేపు తీసుకోండి. మామూలు మోడళ్లు ఎక్కగలిగేది రెండు సెంటీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. ఖరీదైన వాటిలో ఈమధ్య చక్రాలు పైకి లేపి నాలుగు సెంటీమీటర్లు, ఆ పైన కూడా ఎక్కేవి వచ్చాయి గానీ వాటి ధర వింటే గడపే తీయించేద్దాం అనిపిస్తుంది. హైదరాబాద్ కొత్త ఫ్లాట్లలో పెద్ద ఇబ్బంది లేదు, గడప వాకిలికీ దేవుడి గదికీ మాత్రమే ఉంటుంది, బెడ్‌రూమ్‌లకి ఉండదు. సొంత ఇళ్లలో, ముఖ్యంగా ముప్పై నలభై ఏళ్ల క్రితం కట్టిన వాటిలో ప్రతి గదికీ రెండు మూడు అంగుళాల గడప ఉంటుంది, పసుపు రాసి బొట్లు పెట్టినవి. అలాంటి ఇంట్లో రోబోని గది గదికీ చేత్తో ఎత్తి పెట్టాలి. రోజూ ఎత్తి పెట్టేదానికి అన్ని వేలు ఎందుకు? చీపురు మేలు.

గడప లేకపోయినా ఇంకో చిక్కుంది. చాలా ఫ్లాట్లలో గదికీ గదికీ మధ్య, గుమ్మం కింద, నల్ల గ్రానైట్ పట్టీ వేస్తారు. రోబో కింద భాగంలో గుంతలు, మెట్లు కనిపెట్టడానికి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి, నేల నుంచి వెలుగు తిరిగి రాకపోతే అక్కడ లోయ ఉందనుకుని వెనక్కి తిరుగుతుంది. నల్ల రాయి ఆ వెలుగుని మింగేస్తుంది. అన్ని మోడళ్లూ ఇలా చేయవు, కొన్ని దర్జాగా దాటేస్తాయి, కొన్ని మాత్రం గుమ్మం దగ్గర ముందుకీ వెనక్కీ ఊగుతూ నిలబడిపోతాయి. మీ ఇంట్లో నల్ల పట్టీలుంటే ఆన్‌లైన్‌లో కొనేముందు వెనక్కి తీసుకునే షరతులు ఒకసారి చదవండి. సెన్సర్లకి టేప్ అతికించే చిట్కా వీడియోల్లో చూపిస్తారు కానీ డూప్లెక్స్‌లో మెట్లున్నవాళ్లు ఆ పని చేయొద్దు, నిజం మెట్ల మీద నుంచి కూడా అలాగే దూకుతుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. పైన చిన్న గుండ్రటి బుడిపె ఉన్న లైడార్ మోడళ్లు పది సెంటీమీటర్ల దాకా ఎత్తుంటాయి. దివాన్ కాట్ కింద, సోఫా కింద కనీసం పదకొండు ఉంటే తప్ప లోపలికి వెళ్లవు. నిజానికి మన చీపురు చేరనిది అక్కడికే కదా, అక్కడికి వెళ్లని రోబో సగం పనే చేసినట్టు.

లైడార్ అన్నాను కాబట్టి రెండు ముక్కల్లో. పదిహేను వేల లోపు దొరికే వాటిలో చాలావరకు గైరోస్కోప్ (ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్) మీద నడుస్తాయి, అడ్డంగా నిలువుగా అంచనాతో తిరుగుతాయి, మధ్యలో ఎవరైనా ఎత్తి పక్కన పెడితే ఎక్కడున్నాయో మర్చిపోతాయి. విజయవాడలో వదిన వాళ్లింట్లో అలాంటిదే ఉంది, హాల్లో ఊడ్చిన చోటే ఊడ్చి వంటింటి మొహం చూడకుండా ఛార్జింగ్ అయిపోయి ఆగిపోతుంది. లైడార్‌ది అలా కాదు, లేజర్‌తో గదులు కొలిచి మ్యాప్ గీసుకుంటుంది, ఫోన్‌లో ఆ మ్యాప్ మీద ఏ గది ముందు ఊడవాలో, ఎక్కడికి వెళ్లకూడదో మనమే గీయొచ్చు. ఇరవై నుంచి ముప్పై వేల మధ్య ఇవి దొరుకుతున్నాయి. అంత పెట్టలేకపోతే ఇంకో ఏడాది ఆగండి, గైరోకి మాత్రం వెళ్లకండి.

ఆ వెళ్లకూడని చోట్ల గీతలు మన ఇళ్లకి ఎంత అవసరమో ముగ్గు వేసే ఇంట్లోవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దేవుడి గది ముందు అత్తయ్యగారు వేసే నాలుగు చుక్కల ముగ్గుని మా రోబో మొదట్లోనే సాంతం ఊడ్చేసింది, పైగా పని పూర్తయిందని ఇంగ్లీషులో ప్రకటించింది. అత్తయ్యగారు దానికి తెలుగులో సమాధానం చెప్పారు, అది ఇక్కడ రాయలేను. ఇప్పుడు దేవుడి గది చుట్టూ ఎర్ర గీత ఉంది, పండగ రోజు హాలు మధ్యలో రంగులు వేస్తే ఆ పూటకి ఇంకో గీత.

ఊడవడంలో దాని పనితనం కాస్త దగ్గరగా చెబుతాను. వంటింట్లో పోపు చిట్లినప్పుడు నేల మీద పడ్డ ఆవాలు చూడండి. రోబో పక్కనుండే మూడు కాళ్ల సైడ్ బ్రష్ వేగంగా తిరుగుతూ వాటిని లోపలికి నెట్టాలి, కానీ సగం ఆవాలని గోడకేసి విసిరేస్తుంది, అవి స్టవ్ గట్టు కిందకి, ఫ్రిజ్ స్టాండు కిందకి దొర్లిపోతాయి. ఉప్మా రవ్వ, బియ్యం పిండి అయితే ఒక్కటి వదలదు. గుండ్రంగా దొర్లేవి, అంటే ఆవాలు, మిరియాలు, సగ్గుబియ్యం దగ్గరే తంటా. సైడ్ బ్రష్ వేగం తగ్గించుకునే వీలున్న మోడల్ దొరికితే అది మేలు. అన్నం మెతుకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని వదలొద్దు, బ్రష్‌కి అంటుకుని లోపల ఎండిపోతాయి, తర్వాత చాకుతో గీకాల్సి వస్తుంది. భోజనాలు కింద కూర్చుని చేసే ఇళ్లలో అన్నాలయ్యాక మామూలుగా గుడ్డ పెట్టేసి, రోబోని మధ్యాహ్నం పెట్టుకోవాలి.

ఇక జుట్టు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, నూనె రాసిన పొడుగు జుట్టు అంటే మెయిన్ బ్రష్ ఎలాంటిదో చూడటం తప్పనిసరి. కుచ్చులున్న బ్రష్‌కి వెంట్రుకలు తాడులా పెనుకుంటాయి, రబ్బరు బ్రష్‌కి తక్కువ. ఏ బ్రష్ అయినా రెండు చివర్లా, ఇరుసు దగ్గర, సన్నగా చుట్టుకుని కనిపించకుండా బిగుసుకుంటాయి, వారానికోసారి ఆ చివరి టోపీ లాగి కత్తెరతో కోసి తీయకపోతే మోటార్ మీద బరువు పడుతుంది. చుట్టుకోదని ప్రకటనలు వస్తాయి, తక్కువ చుట్టుకుంటుంది అని చదువుకోండి.

దుమ్ము తనే ఖాళీ చేసుకునే డాక్ (రోబో వచ్చి ఛార్జింగ్‌కి నిలబడే స్టాండు) కావాలా అంటే నా ఓటు కావాలనే, ఎందుకంటే రోబో లోపలుండే డబ్బా చిన్నది, పక్కన బిల్డింగ్ కడుతున్న కాలనీలో అది రెండు రోజులకే నిండుతుంది. డాక్ సంచి రెండున్నర, మూడు లీటర్లు పడుతుంది, నెలా రెండు నెలలు వస్తుంది. ఖాళీ చేసే ఆ కాసేపూ చప్పుడు మాత్రం మిక్సీలో కొబ్బరి వేసినట్టే, పసిపిల్లలున్న ఇంట్లో రాత్రి వేళ ఆ పని జరగకుండా టైమింగ్ పెట్టుకోండి. ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. మా ఆడపడుచు చెవిదిద్దు శీల కనిపించకపోతే ఇల్లంతా వెతికి చివరికి కాగితాలు పరిచి ఆ దుమ్ము సంచి కోసి చూశాం. బూడిద రంగు దూదిలాంటి ముద్ద, వెంట్రుకలు, సిమెంటు పొడి, బఠాణీ గింజ, వాటి మధ్యలో తళుక్కుమంటూ బంగారు శీల. డబ్బాలో అయితే వెంటనే కనిపించేది. ఇంట్లో చిన్న వస్తువేదైనా పోతే సంచి చెత్తబుట్టలో వేసేముందు గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మాప్ సంగతి, అసలు ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. తక్కువ ధర వాటిలో మాప్ అంటే వెనకాల అతికించిన తడిగుడ్డ, నీళ్లు కారుతూ ఉంటే ఈడ్చుకుంటూ వెళ్తుంది. గది చివరికి వచ్చేసరికి గుడ్డ మురికి, ఆ మురికే నేలంతా పల్చగా రాస్తుంది, వెలుతురు ఏటవాలుగా పడితే చారలు కనిపిస్తాయి. రెండు గుండ్రటి ప్యాడ్లు తిరుగుతూ రుద్దేవి దీనికంటే చాలా నయం, ఎండిన టీ మరక రెండోసారికి పోతుంది. పొడవాటి రోలర్ రకం నడుస్తుండగానే తనని తాను కడుక్కుంటుంది, మంచిదే, రేటూ అలాగే ఉంటుంది. ఏ రకమైనా ఆవకాయ నూనె, పసుపు మరకల మీద ఆశ పెట్టుకోవద్దు. గుండ్రటి ఒళ్లు కాబట్టి గది మూలల్లో ముక్కోణం కూడా మిగిలిపోతుంది, చాచే చెయ్యి ఉన్న మోడళ్లలో కొంత తగ్గుతుంది.

నీళ్ల గురించి ముఖ్యంగా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, బకెట్లకే తెల్లగా గార కడుతుంది, మాప్ ట్యాంక్ లోపల నీళ్లు కారే సన్నటి దారులు మూసుకుపోవడానికి ఎంతసేపు? మేం మంజీరా నీళ్లు వచ్చే రోజు పట్టి పెట్టుకుని అవే పోస్తాం. ఫినాయిల్, యాసిడ్ లాంటివి ట్యాంకులో పోయకండి, పైపులు, సీళ్లు పాడవుతాయి, పైగా అలా పాడైతే వారంటీ కింద చేయకపోవచ్చు. కంపెనీ చెప్పిన ద్రావణం ఖరీదనిపిస్తే ఉత్త నీళ్లే నయం.

ప్యాడ్లు తనే కడిగి వేడి గాలితో ఆరబెట్టే డాక్ కొంటే వాసన బాధ తప్పుతుంది, వానాకాలంలో తడి ప్యాడ్ ఎంత కంపు కొడుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. కానీ అందులో మంచినీళ్ల ట్యాంక్, మురికినీళ్ల ట్యాంక్ రెండుంటాయి, కొంచెం అటూఇటూ నాలుగేసి లీటర్లు. ఆ మురికినీళ్లు మీరే మోసుకెళ్లి పారబోయాలి, మర్చిపోయి ఊరెళ్తే తిరిగొచ్చాక మూత తీయడానికి ధైర్యం కావాలి. వాష్ ఏరియా పక్కన ప్లగ్ పాయింట్ ఉంటే డాక్ అక్కడ పెట్టండి, హాల్లో టీవీ పక్కన పెట్టాలనే మోజు రెండు వారాల్లో తీరిపోతుంది. ఇలాంటి పూర్తి డాక్ ఉన్నవి నలభై, యాభై వేల దగ్గర మొదలై లక్ష దాటతాయి. దసరా, దీపావళి సేల్స్‌లో గట్టిగానే తగ్గిస్తారు, మేం తీసుకున్నదీ అప్పుడే.

కెమెరా ఉన్నవి చెప్పులు, వైర్లు చూసి పక్కకి తప్పుకుంటాయి, సౌకర్యమే. నాకు మాత్రం ఇంట్లో తిరిగే కెమెరా నచ్చదు. 2024లో అమెరికాలో ఎకోవాక్స్ డీబాట్ రోబోలు కొన్నిటిని ఎవరో హ్యాక్ చేసి స్పీకర్‌లోంచి బూతులు తిట్టించారు, వార్తల్లో వచ్చింది. లైడార్ ఒక్కటే ఉన్నది తీసుకుని, నడిపేముందు ఛార్జర్ వైర్లు, లంగా నాడాలు, పిల్లల బొమ్మలు మనమే తీసేస్తే సరి.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుందామనుకునేవాళ్లు అడాప్టర్ మీద వోల్టేజీ చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. చిన్న ఛార్జర్లు చాలావరకు రెండింటికీ పనిచేస్తాయి, దుమ్ము లాగే పెద్ద డాక్‌లు మాత్రం చాలావాటికి అక్కడి కరెంటే కావాలి. కొన్ని బ్రాండ్ల యాప్‌లు దేశం మారితే కనెక్ట్ కావు, వారంటీ ఎలాగూ రాదు. వైఫై కూడా చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్‌దే కావాలి, రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో ఉంటే మొదటిసారి కలపడానికి ఓపిక కావాలి.

సర్వీస్ గురించి గట్టిగా విచారించండి, ఎందుకంటే ఈ రంగంలో కంపెనీలు నిలకడగా లేవు. 2002లో రూంబాతో ఈ వస్తువుని ఇంటింటికీ పరిచయం చేసిన ఐరోబోట్‌ని కొంటామన్న అమెజాన్ 2024 జనవరిలో వెనక్కి తగ్గింది, 2025 డిసెంబరులో ఐరోబోట్ దివాలా కోర్టుకెళ్లి, తనకి రోబోలు తయారుచేసిచ్చే చైనా కంపెనీ చేతికే వెళ్లింది. నీటో అనే ఇంకో కంపెనీ 2023లో మూతపడింది. కాబట్టి యాప్ లేకపోయినా రోబో మీద బటన్ నొక్కితే పనిచేయాలి, ఫిల్టర్లు, బ్రష్‌లు, సంచులు మన దగ్గర విడిగా దొరకాలి. కొనేముందు ఆ విడిభాగాల ధర వెతికి చూడండి, ఏడాదికి మూడు నాలుగు వేలు వాటికే అవుతుంది. మీరు ఖమ్మంలోనో కాకినాడలోనో ఉంటే సర్వీస్ సెంటర్ ఊళ్లో ఉందా, లేక పార్సిల్ చేసి పంపాలా అని కూడా అడగండి. అంత పెట్టె పార్సిల్ కట్టడం మాటలు కాదు, అసలు అట్టపెట్టె పారేయకుండా అటక మీద పెట్టుకోండి.

పనావిడని మానిపించొచ్చని కొనేవాళ్లకి నిరాశే. మా ఇంట్లో ఆవిడ రోజూ ఊడ్చి తుడిచేది ఇప్పుడు రోజు విడిచి రోజు మూలలు, బాత్రూమ్ బయట, బాల్కనీ చూస్తోంది, జీతం అంతే. తేడా ఎక్కడంటే ఆవిడ రాని రోజు ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

చివరగా అమ్మానాన్నల కోసం కొనేవాళ్లకి, అంటే పిల్లలు హైదరాబాద్‌లోనో బయటో ఉండి ఊళ్లో వాళ్లిద్దరే ఉన్న ఇంటికి. ఎంత డబ్బున్నా నీళ్ల ట్యాంకుల డాక్ కొనొద్దు. నిండిన నాలుగు లీటర్ల ట్యాంక్‌ని వంగి బయటికి తీయడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చీపురు కంటే కష్టం. ఊడ్చే పని బాగా చేసే లైడార్ మోడల్, దుమ్ము సంచి డాక్, అంతే. గదులు, టైమింగ్ మీరే ఫోన్‌లో పెట్టేసి, వాళ్లు వరండాలో కాఫీ తాగే వేళకి తిరిగేలా చూడండి, నడిచేటప్పుడు కాళ్లకి అడ్డం పడకూడదు. తడిగుడ్డ సంగతి పనావిడ చూసుకుంటుంది.