ఉప్పుగాలిలో ఐదేళ్ళు పనిచేసిన గేమింగ్ పీసీ

2020 ఆగస్టులో కొన్న పీసీ ఇది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్. అన్నీ కలిపి 80 వేల చిల్లర అయింది. కొనేముందు చూసిన రివ్యూ వీడియోలకు లెక్కలేదు. ఏ కార్డు ఏ గేములో సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, ఇస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ వీడియోలన్నీ ఏసీ గదుల్లో తీసినవన్న సంగతి మాత్రం తట్టలేదండి.

మాది రాజోలు పక్కన పల్లెటూరు. ఇంటి ముందు కాలవ, వెనక కొబ్బరితోట, తోట దాటితే రొయ్యల చెరువులు. గాలి దక్షిణానికి తిరిగిందంటే సముద్రం మీది ఉప్పు తిన్నగా నా గదిలోకి వస్తుంది. ఈ ఐదేళ్ళలో గేములు ఆడలేక మూలపడ్డ వస్తువు నా దగ్గర ఒక్కటీ లేదు. పోయినవన్నీ కరెంటుకో, తేమకో, పురుగుకో బలైనవే. అందుకని ఫ్రేముల సంగతి చివర్లో చెబుతాను. ముందు కరెంటు.

మా వైపు లో వోల్టేజి సమస్య పగలు అంత ఉండదు. పొద్దుపోయాక మొదలవుతుంది. చీకటి పడితే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తయారవదు, ఉన్నదాన్ని నాచూ రొయ్యలూ కలిసి వాడేస్తాయి. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. ఆ మోటార్లన్నీ ఒక్కసారిగా అందుకుంటే మా ఇంట్లో మీటరు 170 చూపించిన రోజులున్నాయి. నేను గేము ఆడేదీ సరిగ్గా ఆ వేళకే. తెల్లవారి మోటార్లు ఆపేస్తే వోల్టేజి మళ్ళీ ఎగురుతుంది.

మొదట 600 వీఏ యూపీఎస్ కొన్నాను. పెట్టె మీద 600 అని ఉంటే 600 వాట్లనుకున్నాను. నిజానికి అది మోసేది 360 వాట్లే. గేము నడుస్తున్నప్పుడు నా సిస్టం, మానిటర్ కలిపి 270 దాకా లాగుతాయి. లెక్క ప్రకారం సరిపోవాలి కదా? సరిపోలేదు. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ బాగానే నిలబెట్టేది. మ్యాచ్ మధ్యలో పోతే మాత్రం దాంతోపాటే సిస్టమూ పోయేది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. క్యాబినెట్ లోపల కరెంటు సర్దే పెట్టె ఎస్‌ఎంపీఎస్. మంచి రకం వాటిలో కొన్నిటికి ఆ మార్పిడి క్షణం పడదు. లోడు ఎక్కువుంటే అసలు పడదు. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేములో మ్యాచ్ మధ్యలో మాయమైతే పెనాల్టీ, పైగా టీమ్ వాళ్ళ తిట్లు. "బ్రో, మళ్ళీ చెరువుల కరెంటా?" అని మా హైదరాబాదు నేస్తాలకు ఓ జోకు దొరికింది.

తర్వాత 1100 వీఏది తీసుకున్నాను. 660 వాట్లు మోస్తుంది. ఇది మూడేళ్ళుగా బాగానే ఉంది, బ్యాటరీ ఒకసారి మార్చాను. రాత్రిపూట వోల్టేజి సర్దుకోవడానికి లోపల రిలే టక్కు టక్కుమంటూనే ఉంటుంది, ఆ చప్పుడు అలవాటైపోయింది. రూటరుకు వేరే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాను. నా మొత్తం సెటప్‌లో పెట్టిన రూపాయికి ఎక్కువ పని చేసింది అదేనేమో. సిస్టం బతికుండి నెట్ పోతే ఏం లాభం? ముంబై సర్వరుకు పింగ్, అంటే సంకేతం వెళ్ళి తిరిగొచ్చే సమయం, మామూలు రోజుల్లో 40 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. కొబ్బరిమట్ట కేబుల్ మీద పడ్డ రోజున ఏ యూపీఎస్సూ కాపాడదనుకోండి.

ఎర్తింగ్ సంగతి వేరేగా చెప్పాలి. కొత్తలో చెప్పుల్లేకుండా కూర్చుని క్యాబినెట్ ముట్టుకుంటే చీమ కుట్టినట్టు జిల్లుమనేది. హెడ్‌సెట్‌లో సన్నగా గుయ్‌మని చప్పుడు. సిస్టం అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "గేమింగ్ పీసీలు అంతేనండి, పవర్ ఎక్కువ కదా" అన్నారు. నేనూ నమ్మాను! ఏడాది తర్వాత ఫ్యాను బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి నవ్వాడు. "మీ సాకెట్‌లో మూడో కన్నం అందానికి ఉందండి, దాని వెనక తీగే లేదు" అన్నాడు.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ రేకుకు కలిపి ఉంటాయి. కరెంటులోని చెత్తను ఎర్తులోకి పంపడం వాటి పని. ఎర్తు లేకపోతే ఆ రేకు మీద సగం వోల్టేజి, అంటే 115 వరకు నిలబడి ఉంటుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దించారు. మా నేలలో నాలుగడుగులకే తడి తగిలింది. ఖర్చు మొత్తం 2,200. ఆ సాయంత్రం నుంచి జిల్లూ లేదు, గుయ్యీ లేదు. 80 వేలు పెట్టినవాణ్ణి ఆ రెండువేలు మొదటి రోజే పెట్టలేకపోయాను.

2022లో ఎస్‌ఎంపీఎస్ పోయింది. అర్ధరాత్రి ఠప్ మని శబ్దం, ఆ వెంటనే కాలిన మాంసం వాసన. విప్పి చూస్తే బల్లి. వెచ్చగా ఉంటుందని వెనక జాలీలోంచి దూరి ఉంటుంది. అయిదేళ్ళ వారంటీ ఉంది కదా అని పంపిస్తే, పురుగూ పుట్రా వల్ల పోతే వర్తించదని తిప్పి పంపారు. రానూపోనూ కొరియరు ఖర్చు నాదే. కాగితం తిరగేసి చూస్తే ఆ మాట నిజంగానే చిన్న అక్షరాల్లో ఉంది. కొత్తది కొన్న రోజునే దోమతెర గుడ్డ కత్తిరించి క్యాబినెట్ కన్నాలన్నిటికీ అంటించాను. దానివల్ల కార్డు నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోంది. ఎక్కితే ఎక్కనీండి.

పురుగుల మాట వచ్చింది కాబట్టి ఆర్‌జీబీ లైట్ల గురించి. రంగులు మారే ఆ లైట్లున్న ఫ్యాన్లు మూడు, ఎంతో ముచ్చటపడి కొన్నాను. సార్వా చేలు పొట్టకొచ్చే రోజుల్లో మా వైపు దీపం పెడితే పచ్చటి చిన్న పురుగులు గుంపులుగా వాలతాయి. వీధి దీపాల కింద చేటలకెత్తొచ్చు. గదిలో ట్యూబులైటు ఆపేసి చీకట్లో ఆడుకుందామంటే ఊళ్ళోని పురుగులన్నిటికీ నా క్యాబినెట్టే జాతర. ఫ్యాన్ల దగ్గర, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింకు రేకుల మధ్య వాటి రెక్కలు ఇరుక్కుని, దాని మీద దుమ్ము, ఆ దుమ్ము మీద తేమ పట్టి దుప్పటిలా తయారైంది. 75 డిగ్రీల్లో ఉండాల్సిన ప్రాసెసర్ 90 చూపించింది. ఇప్పుడు అక్టోబరు నుంచి కోతలయ్యేదాకా ఆ లైట్లన్నీ ఆపేసే ఉంచుతాను.

ఉప్పుగాలి పని నెమ్మది, కానీ వదిలిపెట్టదు. రెండో ఏటికి వెనక స్క్రూలు తుప్పెక్కాయి. వాడని పోర్టుల్లో పచ్చటి చిలుము. ఒక వర్షాకాలం సిస్టం ఆన్ అవుతుంది కానీ తెర మీద బొమ్మ రాదు. నేను బోర్డు పోయిందని అన్నం మానేశాను. పాలకొల్లులో రిపేరు చేసే కుర్రాడు ర్యామ్ తీసి, బడిపిల్లల రబ్బరుతో కాళ్ళు రుద్ది, మళ్ళీ గుచ్చాడు. వచ్చింది. డబ్బులు కూడా తీసుకోలేదు. చించినాడ వంతెన మీద సీపీయూ ఒళ్ళో పెట్టుకుని బండి మీద వెనక్కొస్తుంటే కలిగిన సంతోషం ఏ గేము గెలిచినా కలగలేదు. ఏడాదికి రెండుసార్లు ఆ రబ్బరు పని ఇప్పుడు నేనే చేస్తున్నాను. రోజూ కాసేపైనా సిస్టం ఆన్ చేయడం కూడా మంచి మందే, లోపలి వేడికి తేమ ఆరుతుంది.

మౌస్‌లు రెండు పోయాయి, రెండూ ఒకే జబ్బుతో. ఒకసారి నొక్కితే రెండు నొక్కులు పడతాయి. బటన్ కింద ఉండే చిన్న లోహపు రేకు మీద పొర కట్టి, సాగి, ఒక నొక్కుకే రెండుసార్లు వణుకుతుంది. స్నైపర్ పట్టుకున్నప్పుడు ఆ అనుభవం పగవాడికి కూడా వద్దు. రెండోదానికి సెల్‌ఫోన్ రిపేరు షాపులో 150 ఇచ్చి స్విచ్ మార్పిస్తే ఇంకో పది నెలలు వచ్చింది. ఇప్పుడున్నది ఆప్టికల్ స్విచ్‌ల మౌస్. అందులో లోహం లోహానికి తగలదు, వెలుతురు అడ్డుపడితే నొక్కినట్టు. రెండున్నరేళ్ళయింది, ఒక్క తప్పు నొక్కు లేదు. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళు మౌస్ కొంటే సెన్సర్ డీపీఐ అంకెలు వదిలేసి ఈ ఒక్కటి చూడండి.

మెకానికల్ కీబోర్డు మొదట బ్లూ స్విచ్‌లది. పక్క గదిలో మా మామ్మ పడుకుంటుంది. "ఏరా, అటక మీద ఎలకలు పడ్డాయా, రాత్రంతా టకటకలు?" అని వారం రోజులు అడిగి, ఆ తర్వాత సంగతి తెలిసి నాన్నకు చెప్పింది. స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే రకం కావడం అదృష్టం, చప్పుడు చేయని రెడ్ స్విచ్‌లు తెప్పించి వేశాను. తప్పు నాది కూడా ఉందండి. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకులు కీబోర్డు ముందు కూర్చుని తిన్నాను. ఆ పంచదార పొడి ఎక్కడెక్కడికి పోయిందో మర్నాటి చీమలు చూపించాయి. డబ్ల్యూ నొక్కితే గేములో మనిషి ముందుకెళ్ళడు. స్విచ్‌లన్నీ పీకి స్పిరిట్‌తో తుడవడానికి ఆదివారం మొత్తం పట్టింది.

హెడ్‌సెట్ తోలు మెత్తలు ఒక్క రోహిణి కార్తెకే పొరలు పొరలుగా ఊడి చెవుల చుట్టూ నల్లగా అంటుకున్నాయి. గుడ్డ మెత్తలు వేశాక బాగుంది. గేమింగ్ కుర్చీదీ అదే కథ. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ మీద దిండేసుకుని ఆడుతున్నాను.

మానిటర్ మాత్రం బంగారం. అయితే ఒక సిగ్గుమాలిన సంగతి. మొదటి రెండు నెలలు దాన్ని 60 హెర్ట్జ్ మీదే వాడాను. విండోస్‌లో 144కు మనమే మార్చాలని తెలియదు. తెలియకుండానే "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని అందరికీ చెప్పాను కూడా. మార్చాక తెలిసింది స్మూత్ అంటే ఏంటో. తెర మీద బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారేది కాస్తా 6.9కి మారుతుంది. ర్యామ్ కూడా అంతే. పెట్టె మీద వేగం 3200 అని ఉంటుంది, బోర్డు సొంత సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్ళి, ఆ వేగాన్ని అందించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసేదాకా అది 2133 దగ్గరే కునుకుతూ ఉంది.

ఇక కార్డు. 2021లో మైనింగ్ పిచ్చి నడిచినప్పుడు నేను 20,500కు కొన్న ఈ కార్డుకు రెట్టింపు పైనే ధర పలికింది. అమ్మేయమని అందరూ అన్నారు. అమ్మలేదు. వాలరెంట్‌లో ఇప్పటికీ 144 ఫ్రేములు దాటించడం దీనికి నీళ్ళు తాగినంత తేలిక. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేము మీడియం సెట్టింగుల్లో, చిన్న బొమ్మను పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టుకుంటే ఆడదగ్గట్టు నడుస్తుంది. అలాంటిదే అయిన డీఎల్‌ఎస్‌ఎస్ దీనికి లేదు, అది ఆర్‌టీఎక్స్ కార్డులకే. దీన్ని చివరికి ఆపింది బలం తక్కువై కాదు. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ అనే గేముకు రే ట్రేసింగ్, అంటే వెలుతురు కిరణాలను లెక్కగట్టి వెలుగునీడలు గీయడం, చేసే కార్డు ఉండి తీరాలి. ఆరు జీబీ మెమరీతో ఎలాగో నెట్టుకొద్దామన్నా గుమ్మంలోనే ఆపేసింది.

ప్రాసెసర్‌ను 2023లో రైజెన్ 5 5600కు మార్చాను. 2018 నాటి చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద 2022 నాటి చిప్ కూర్చోవడం ప్రాసెసర్ గుచ్చే ఏఎండీ ఏఎం4 సాకెట్ మారకపోవడం వల్ల కలిగిన మేలు. ముందు బయాస్ అప్‌డేట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. పెద్ద యూపీఎస్ ఉన్నా టెన్షన్ ఆగలేదు. లైన్‌మన్ గారికి ఫోన్ చేసి "ఈరోజు ఎల్సీ ఏమైనా ఉందాండి?" అని, అంటే మరమ్మతుకని లైను ఆపుతారా అని, అడిగాను. లేదన్నారు. చెరువుల మోటార్లు ఆగి ఉండే మిట్టమధ్యాహ్నం చూసుకుని మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత చెమట పట్టదు.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నమే వైర్లన్నీ పీకేసి, సిస్టంను రెండు దుప్పట్లలో చుట్టి, పైన టార్పాలిన్ కప్పి మంచం మీద పెట్టాను. కిటికీ రెక్క ఊడి గదంతా తడిసింది, దానికి మాత్రం చుక్క తగల్లేదు. మాకు కరెంటు వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. వచ్చాక కూడా వెంటనే ఆన్ చేయలేదు. ఎండలో కాసేపు, ఫ్యాను కింద ఓ పూట ఉంచి, ర్యామ్ కాళ్ళు రుద్ది, అప్పుడు బటన్ నొక్కాను. తెర వెలిగింది.

వచ్చే నెల కార్డు మారుస్తున్నాను. ఎనిమిది జీబీకి తక్కువ కాకుండా, రే ట్రేసింగ్ ఉన్నది, లైట్లు లేనిది. మిగతావన్నీ ఇవే కొనసాగుతాయి. పెరట్లో ఎర్తింగ్ గొయ్యి ఎండిపోకుండా వేసవిలో రోజూ రెండు బిందెల నీళ్ళు పోసేది మా నాన్న. కొబ్బరి మొక్కలకు నీళ్ళు పెట్టేటప్పుడు దానికీ పోసి, "నీ గేముకు కూడా పెట్టానురా" అని కేకేస్తాడు.